బంతి మన వైపు రానప్పుడు

ఏడుపెంకులాట ఆడే పిల్లలకు ఎప్పుడూ ఒక చిక్కు వస్తుంది. ఎవరికో ఒకరికి తోకలా ఓ తమ్ముడు వెంట వస్తాడు. ఆడించకపోతే ఇంటికెళ్లి అమ్మకు చెప్పేస్తాడు, ఆడిస్తే ఆట పాడవుతుంది. దీనికి మన పిల్లలు ఏనాడో కనిపెట్టిన ఉపాయం ‘ఆటలో అరటిపండు’. వాడు అందరితో పాటు పరిగెత్తొచ్చు, గోల చెయ్యొచ్చు, బంతి తగిలినా అవుట్ కాడు. ఏ జట్టు లెక్కలోనూ మాత్రం ఉండడు. ఒక వేసవి సెలవుల్లో నేనూ అరటిపండునే. మొదటి రెండు రోజులు ఎంత సంబరమో! మూడో రోజో నాలుగో రోజో బంతి సూటిగా వచ్చి నా వీపు మీద చెళ్లుమంది. ఒక్కరూ నా వైపు చూడలేదు. ఆట ఆగలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. అది దెబ్బ తగిలినందుకు వచ్చిన ఏడుపు కాదని ఇప్పుడు చెప్పగలను గానీ, అప్పుడు అమ్మ అడిగితే వీపే చూపించాను.

1980ల్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు దాదాపు ఇలాంటిదే జరిగింది. కాకపోతే ఆయన అప్పటికే పాఠాలు చెప్పే పెద్దమనిషి. పెంపుడు కుక్కను తీసుకుని పార్కుకు వెళ్లి గడ్డి మీద కూర్చున్నాడు. ఇంతలో ఓ ఫ్రిస్బీ, అంటే విసిరి ఆడుకునే ప్లాస్టిక్ పళ్లెం, వచ్చి పక్కన పడింది. తిరిగి చూస్తే ఇద్దరు కుర్రాళ్లు. ముక్కూమొహం తెలియని వాళ్లు. ఈయన లేచి పళ్లెం విసిరాడు. వాళ్లు మళ్లీ ఈయనకే విసిరారు. అలా ముగ్గురూ కాసేపు ఆడారు. పేర్లు అడగలేదు, మాటలూ లేవు. ఉన్నట్టుండి ఆ ఇద్దరూ తమలో తామే విసురుకోవడం మొదలుపెట్టారు. చేతులు సాచి కాసేపు నిలబడి, పళ్లెం ఇక రాదని అర్థమయ్యాక ఈయన వెళ్లి కుక్క పక్కన కూర్చున్నాడు. ఎవరో తెలియని ఇద్దరు, పట్టుమని రెండు నిమిషాల ఆట. దానికే లోపల అంత కలుక్కుమనడం ఏమిటన్నది ఆయనకు అంతుపట్టలేదు.

మనమైతే దీన్ని చిన్నబుచ్చుకోవడం అంటాం. ఎంత కచ్చితమైన మాట! కోపమూ కాదు, దుఃఖమూ కాదు. మనిషి తన కళ్లకే తాను చిన్నగా కనబడటం.

చిన్నబోయిన మామూలు మనిషి ఇంటికెళ్లి ముసుగు తన్ని పడుకుంటాడు. శాస్త్రవేత్త ప్రయోగం రాసుకుంటాడు. మొదట నిజమైన బంతితో, నిజమైన మనుషులతో చేశారు. వేచి ఉండే గదిలో ముగ్గురుంటారు. వాళ్లలో ఇద్దరు శాస్త్రవేత్తల మనుషులే, కొంతసేపు మూడోవాడికి బంతి విసిరి తర్వాత మానేస్తారు. ఆ మూడోవాడి అవస్థ చూడటం కష్టమయ్యేది, పైగా ప్రతిసారీ ఇద్దరు నటులను కూర్చోబెట్టాలి. అందుకే ఆటను కంప్యూటర్‌లోకి మార్చారు. దాని పేరు సైబర్‌బాల్. తెర మీద మూడు బొమ్మలు, ఒక బంతి. కింద ఉన్న చెయ్యి మీది. మిగతా రెండూ ఇంకెక్కడో కూర్చుని ఆడుతున్న మనుషులవని చెబుతారు. నిజానికి ఆడేది ప్రోగ్రాము. ‘ఇది ఊహాశక్తికి సంబంధించిన పరీక్ష. బంతి ఎవరికి వచ్చిందన్నది ముఖ్యం కాదు, మైదానాన్ని మనసులో ఊహించుకోండి చాలు’ అని కూడా చెబుతారు. మొదట ఒకటి రెండు సార్లు బంతి వస్తుంది. ఆ తర్వాత రాదు. రెండు మూడు నిమిషాల్లో ఆట అయిపోతుంది.

చూస్తే పిల్లలాటలా ఉంటుంది. ఫలితం అలా లేదు. విలియమ్స్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో 62 దేశాల నుంచి 1,486 మంది ఇంటర్నెట్‌లో ఇలాంటి విసురుడు ఆటే ఆడారు. ఎంత తక్కువసార్లు తమకు విసిరితే అంత ఎక్కువగా నొచ్చుకున్నారు. 2015లో ఇలాంటి 120 అధ్యయనాలను, అంటే పన్నెండు వేల మందికి కాస్త తక్కువగా ఉన్న జనాన్ని, కలిపి లెక్కవేశారు. మనస్తత్వ శాస్త్రంలో చాలా ప్రయోగాల ప్రభావం భూతద్దం పెట్టి చూడాల్సినంత ఉంటుంది. దీనిది కంటికి కనిపించేంత పెద్దది. ఆడిన వాళ్లు మగవారా ఆడవారా, ఏ దేశం వాళ్లు అన్నదాన్ని బట్టి పెద్దగా మారలేదు.

ఆట అయ్యాక అడిగే ప్రశ్నలు నాలుగు విషయాల చుట్టూ తిరుగుతాయి. నేను వీళ్లలో ఒకణ్నేనా? నాకు విలువ ఉందా? జరిగేదాంట్లో నా చేతిలో ఏమైనా ఉందా? అసలు నేనంటూ ఇక్కడ ఉన్నానా? తిట్టినా కొట్టినా మొదటి మూడూ దెబ్బతింటాయి. నాలుగోదాని మీద ఇంత దెబ్బ వేసేది మాత్రం పట్టించుకోకపోవడమే. తిట్టేవాడు కనీసం నువ్వు ఉన్నావని ఒప్పుకుంటాడు.

ఇక్కడి నుంచి పరిశోధకులకు మొండితనం వచ్చింది. ఈ నొప్పి ఎక్కడ ఆగుతుందో చూద్దామని బయలుదేరారు. అవతలి వాళ్లు మనుషులు కారు, కంప్యూటర్ ప్రోగ్రామేనని ముందే చెప్పేశారు. ఆడిన వాళ్లు దాదాపు అంతే నొచ్చుకున్నారు. సరే, బంతి వస్తే డబ్బు పోయేలా పెట్టారు. బంతి రాకపోతే లాభం. లాభం వచ్చినవాడు సంతోషించాలి కదా? లేదు. ఇంకో ప్రయోగంలో, అవతల ఆడేది నల్లజాతి వారి మీద ఘోరాలు చేసిన క్లూ క్లక్స్ క్లాన్ ముఠా మనుషులని చెప్పారు. ఆ ముఠాను అసహ్యించుకునే వాళ్లు కూడా బంతి రాకపోతే బాధపడ్డారు. చివరికి బంతి స్థానంలో బాంబు పెట్టారు. ఎవరి చేతిలో పేలితే వాళ్లు ఆటలో చచ్చినట్టే. ఆ బాంబు తమ వైపు రానందుకు కూడా మనుషులు చిన్నబుచ్చుకున్నారు! ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివినప్పుడు నేను నవ్వాను. తర్వాత నాకు నచ్చని ఒక పెళ్లి, నేను ఎలాగూ వెళ్లని పెళ్లి, శుభలేఖ రాలేదని వారం రోజులు గొణుక్కోవడం గుర్తొచ్చి ఆపేశాను.

విలియమ్స్ దీన్ని పొగ అలారంతో పోలుస్తాడు. నాకు ఇంటి కుక్క దగ్గరగా అనిపిస్తుంది. అది ముందు మొరుగుతుంది. వచ్చింది చుట్టమా దొంగా అన్నది తర్వాత చూస్తుంది. నన్ను వదిలేశారు అన్న కేక మనసులో ముందు పుడుతుంది. వదిలేసిందెవరు, వాళ్లతో నాకేం పని అన్న ఆలోచన నింపాదిగా వస్తుంది. అంత తొందర ఎందుకంటే, మన పూర్వీకులు వేటాడి దుంపలు తవ్వుకుని బతికిన లక్షల ఏళ్లలో గుంపు నుంచి తప్పిపోయిన మనిషికి ఆలోచించుకునేంత వ్యవధి ఉండేది కాదు. చిరుతకున్న గోళ్లు లేవు, జింకకున్న కాళ్లు లేవు. ఉన్నదల్లా పక్కనున్న మనిషి. పక్కనున్న మనిషి ముఖం తిప్పుకుంటున్నాడని ఒక్క క్షణం ముందుగా పసిగట్టినవాడు బతికాడు. వాడి పిల్లలమే మనమంతా.

గుంపులో బతికే జంతువుల్లో వెలి కొత్తేమీ కాదు. 1966లో టాంజానియాలోని గోంబే అడవిలో చింపాంజీలకు పోలియో సోకింది. కాళ్లు పడిపోయి, ఈడ్చుకుంటూ తిరుగుతున్న ఒక ముసలి చింపాంజీని మిగతావి దగ్గరికి రానివ్వకపోవడం జేన్ గుడాల్ కళ్లారా చూసి రాసింది. చెట్టు మీద ఒకదానికొకటి పేలు చూసుకుంటున్న గుంపు దగ్గరికి అది నానా యాతన పడి చేరుకుని చెయ్యి చాపితే, అవి పక్కకు తప్పుకున్నాయట.

మనుషుల్లో ఇది మాటలు రాకముందే మొదలవుతుంది. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రవేత్త చేసిన చిన్న ప్రయోగం చూడండి. తల్లి కొన్ని నెలల బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఊ కొడుతూ ఆడిస్తుంది. తర్వాత, చెప్పినట్టుగా, ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపే చూస్తూ ఉండిపోతుంది. రెండు మూడు నిమిషాలే. బిడ్డ ముందు నవ్వుతుంది, ఎప్పుడూ పనిచేసే ఆయుధం కదా. పనిచేయదు. చేతులు చాపుతుంది, కేక వేస్తుంది. మళ్లీ నవ్వి చూస్తుంది. ఏదీ పని చేయకపోయేసరికి ముఖం పక్కకు తిప్పేసుకుని, ఒళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. తల్లి ఎక్కడికీ పోలేదు, కసరలేదు. జవాబు ఇవ్వలేదు, అంతే. ఈ ప్రయోగం వీడియో చూసిన తల్లులు రెండో నిమిషం దాకా ఆగలేరు.

ఇది నిజంగా నొప్పేనా, లేక మాటవరసకు అంటున్నామా? మన భాషకైతే అనుమానం లేదు. మనసు నొచ్చింది, గుండె కోత, మాట గుచ్చుకుంది అంటూ ఒంటి దెబ్బల మాటలన్నీ మనసుకు అరువిచ్చేశాం. 1978లో జాక్ పాంక్‌సెప్ బృందం తల్లి నుంచి వేరుచేసిన కుక్కపిల్లలకు అతి కొద్ది మోతాదు మార్ఫిన్ ఇచ్చి చూసింది. నొప్పి తగ్గించే ఆ మందుకు పిల్లల ఏడుపు తగ్గింది. తోడు కోసం పాకులాడే వ్యవస్థ, పాతదైన నొప్పి వ్యవస్థనే వాడుకుంటోందేమో అన్న ఆలోచనకు అది ఊతమిచ్చింది. 2003లో నయోమీ ఐసెన్‌బెర్గర్, మాథ్యూ లీబర్‌మన్, విలియమ్స్ కలిసి 13 మందిని ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి సైబర్‌బాల్ ఆడించారు. బంతి రాకపోయేసరికి మెదడు మధ్య మడతల్లో యాంటీరియర్ సింగ్యులేట్ అనే చోట చురుకుదనం పెరిగింది. ఒంటికి నొప్పి కలిగినప్పుడు, ఆ నొప్పి బాధించే తీరుతో సంబంధమున్న చోటు అది. ‘వెలి కూడా నొప్పే’ అని ప్రపంచమంతా పత్రికలు రాశాయి.

ఇక్కడ కొంచెం ఆగాలి. 13 మంది చాలా తక్కువ. పైగా ఆ మడత ఒక్క నొప్పికే పనిచేయదు. అనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి అయినప్పుడు, రెండు పనుల మధ్య ఊగిసలాడినప్పుడు కూడా చురుకవుతుంది. 2014లో టోర్ వేగర్ బృందం ఇంకాస్త సూక్ష్మంగా చూసి, ఒంటి నొప్పిలోనూ ప్రేమలో తిరస్కారానికి గురైనప్పుడూ మెదడులో ఒకే ప్రాంతాలు వెలిగినా, లోపల ఆ చురుకుదనపు అల్లిక మాత్రం వేరువేరని తేల్చింది. ఒకే రోడ్డు మీద రెండు వేర్వేరు బస్సులు నడుస్తున్నట్టన్నమాట. రోజూ పారాసెటమాల్ వేసుకున్న వాళ్లు మూడు వారాల్లో మనసు నొచ్చుకోవడం తగ్గిందని చెప్పిన 2010 నాటి అధ్యయనం కూడా ఒకటుంది. అదీ చిన్నదే. దయచేసి ఆడపడుచు మాటలకు మందుబిళ్ల మింగకండి, కాలేయం పాడవుతుంది. రెండు నొప్పులూ ఒకటేనని శాస్త్రం ఇంకా తేల్చలేదు. మెదడు రెండింటినీ ఒకే తొందరతో అందుకుంటుందని మాత్రం చెప్పొచ్చు, నా వాదనకు అంత చాలు.

ఎందుకంటే అసలు నష్టం నొప్పి కాదు. దాని వెనకాల ఆలోచన పక్కదారి పట్టడం. 2002లో రాయ్ బామైస్టర్, జీన్ ట్వెంగీ, క్రిస్టఫర్ నస్ విద్యార్థులకు ఒక ఉత్తుత్తి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, కొందరికి ‘నీ జీవితం చివర్లో ఒంటరిగా గడుస్తుంది’ అని జోస్యం చెప్పారు. కొందరికి ‘నీ చుట్టూ ఎప్పుడూ మనుషులుంటారు’ అన్నారు. ఇంకొందరికి ‘నీకు ప్రమాదాలు ఎక్కువ, కాళ్లూ చేతులూ విరుగుతాయి’ అన్నారు. తర్వాత అందరికీ లెక్కలూ తర్కమూ ఇచ్చారు. కాళ్లు విరుగుతాయని విన్నవాళ్లు బాగానే రాశారు. ఒంటరివవుతావని విన్నవాళ్లు వెనకబడ్డారు. బట్టీపట్టి అప్పగించడం లాంటి తేలిక పనులు దెబ్బతినలేదు. దెబ్బతిన్నది ఒకదాని నుంచి ఇంకొకటి తర్కించి రాబట్టాల్సిన చోటే. ఆ విద్యార్థులకు అసలు సంగతి చెప్పి, అంతా అబద్ధమని తేల్చిన తర్వాతే పంపించారనుకోండి. మన దగ్గర మాత్రం ఇలాంటి జోస్యాలు క్లాసు గదుల్లో నిజంగానే చెబుతుంటారు, తర్వాత ఎవరూ వచ్చి అబద్ధమని చెప్పరు.

వెలిపడ్డ మనసుకు కాలం కూడా సాగుతుంది. ఎంతసేపు గడిచిందో చెప్పమంటే ఎక్కువ చెబుతారు. అదే సమయంలో కొన్ని విషయాల్లో చూపు పదునెక్కుతుంది. ఎవరో రాసుకున్న డైరీ చదవమని ఇస్తే, మనుషులూ స్నేహాలూ తగవులూ ఉన్న భాగాలు వీళ్లకు బాగా గుర్తుంటాయి. నిజమైన నవ్వునీ పెట్టుకున్న నవ్వునీ మిగతావారి కంటే బాగా పోల్చగలుగుతారని 2008 నాటి ఒక అధ్యయనం చెబుతోంది. ఆకలిగా ఉన్నవాడికి వీధి చివరి మిర్చిబజ్జీల వాసన ముందే తెలిసినట్టు. పోలిక ఊరికే అనలేదు. కోవిడ్ రాకముందే అమెరికాలోని ఎంఐటీలో లివియా తొమోవా, రెబెకా సాక్స్ బృందం 40 మందిని ఒక రోజు పది గంటలు తిండి లేకుండా, ఇంకో రోజు పది గంటలు మనుషులు గానీ ఫోను గానీ లేకుండా ఉంచింది. తర్వాత తిండి బొమ్మలూ, మనుషులు కలిసి కబుర్లాడుకుంటున్న బొమ్మలూ చూపింది. మెదడు మధ్యలో, కోరికను పుట్టించే డోపమైన్ కణాలుండే ప్రాంతం ఆకలిరోజు తిండి బొమ్మలకూ, ఒంటరి రోజు మనుషుల బొమ్మలకూ ఒకే తీరుగా స్పందించింది. 2020 చివర్లో అది అచ్చయ్యేసరికి, ప్రపంచమంతా ఆ ప్రయోగంలోనే కూర్చుని ఉంది.

ఆకలి ఊరికే కూర్చోనివ్వదు కదా. వెలిపడ్డ వాళ్లు మళ్లీ చేరడానికి తమకు తెలియకుండానే ఏదో ఒకటి చేస్తారు. ఎదుటివాళ్లు కాలు ఊపుతుంటే వీళ్ల కాలూ ఊగుతుంది. గుంపు అంతా తప్పు జవాబు చెబితే వీళ్లూ ఆ తప్పుకే తలూపుతారు. ఈ తలూపడం నాకు కాలు ఊపడం కంటే భయం కలిగించే విషయం. కాలేజీలో కొత్తగా చేరి ఎవరూ పలకరించని కుర్రాణ్ని మొదటగా ‘రా తమ్ముడూ’ అన్నవాడు ఎవడైతే వాడి జెండా పట్టుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ జెండా మీద ఏముందో తర్వాత చదువుకుంటాడు.

మళ్లీ చేరే దారి మూసుకుపోయిందనిపిస్తే మనిషి ఇంకోవైపు తిరుగుతాడు. ఒక ప్రయోగంలో, ఆటలోంచి వదిలేసి, ఏదీ తమ చేతిలో లేదనిపించేలా చేసిన వాళ్లు, కారం తినలేని ఒక కొత్త మనిషికి కావాలని ఎక్కువ కారం సాస్ వడ్డించారు. అమెరికాలో 1995 నుంచి 2001 వరకు జరిగిన 15 పాఠశాల కాల్పుల ఘటనలను మార్క్ లియరీ బృందం పరిశీలిస్తే, రెండు తప్ప మిగతా అన్నింటిలో కాల్చినవాడు వెలికో తిరస్కారానికో గురైనవాడే. వెలిపడ్డ వాళ్లలో తుపాకీ పట్టేది ఏ కొద్దిమందో. ఎక్కువమంది మూడోదారి పడతారు. ఏళ్ల తరబడి సాగితే ప్రయత్నించడమే మానేసి, తన లోపలికి తానే ముడుచుకుపోతారు. తల్లి ముఖం చూసి విసిగిన ఆ పసిబిడ్డ లాగే.

చేర్చుకుంటే ఏమవుతుందన్నది కూడా చూశారు. గ్రెగరీ వాల్టన్ చేసిన ఒక ప్రయోగంలో, తెగని ఒక లెక్కల చిక్కు ఇచ్చే ముందు విద్యార్థులకు గణితం చదివిన ఒకతని గురించి చదివించారు. కొందరి విషయంలో అతని పుట్టినరోజు, తమ పుట్టినరోజు ఒకటే అని ఉంటుంది. అంతే తేడా. ఆ కొందరు చిక్కుతో చాలా ఎక్కువసేపు కుస్తీ పట్టారు. 2011లో వాల్టన్, జెఫ్రీ కోహెన్ ఇంకో అడుగు వేశారు. ఒక పెద్ద కాలేజీలో కొత్తగా చేరిన వారితో ఒక గంట గడిపారు. ‘మొదట్లో ఇది నా చోటు కాదేమో అనిపించడం అందరికీ ఉండేదే, పోతుంది’ అని సీనియర్లు చెప్పిన మాటలు చదివించి, దాని మీద వాళ్ల చేతే రాయించారు. తర్వాతి మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లవారితో ఉన్న తేడా సగానికి తగ్గింది. గంటలో తేడా సగానికి! నమ్మబుద్ధి కాదు, నమ్మనూ కూడదు అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. 2023లో ఆ బృందమే 22 విద్యాసంస్థల్లో 26,911 మందితో మళ్లీ చేసింది. ఫలితం ఉంది గానీ చిన్నది. అదీ అన్ని చోట్లా కాదు. ఆ విద్యార్థులను కలుపుకునే వీలు నిజంగా ఉన్న కాలేజీల్లోనే ఆ గంట పనిచేసింది. లేనిచోట ఆ మాటలు నీళ్లమీద రాతలే అయ్యాయి. ఈ రెండో అధ్యయనాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ, నా లెక్కలో మొదటిదాని కంటే ఇదే విలువైనది. ‘నువ్వు మావాడివే’ అన్న మాట పనిచేయాలంటే అది నిజమై ఉండాలి.

ఇళ్లలోకి వస్తే సంగతి ఇంకా చిక్కు. విలియమ్స్, ఆయన తోటి పరిశోధకులు మొత్తం ఐదుగురు ఒక వారం పాటు తమ మీద తామే ప్రయోగం చేసుకున్నారు. ఐదు రోజులు, రోజుకొకరి వంతు. ఆ రోజు మిగతా నలుగురూ వాళ్లతో మాట్లాడరు, లేనట్టే తిరుగుతారు. వాళ్లంతా వెలి మీద పుస్తకాలు రాయగలిగిన వాళ్లు. ఇది ప్రయోగమేనని ముందే తెలుసు. అయినా కుదేలయ్యారు. కొందరు తోటివాళ్ల మీద నిజంగానే అనుమానపడ్డారు. మన ఇళ్లలో ‘ఆ రెండిళ్లకూ మాటల్లేవు’ అన్నది ఇరవై ఏళ్ల సంగతి కూడా అయి ఉండవచ్చు. అలకకూ దీనికీ చాలా తేడా ఉంది. అలక బతిమాలించుకోవడానికి. అలకపాన్పు మీద కూర్చున్న పెళ్లికొడుక్కి దిగే దారి ముందే ఉంది, వాచీయో బండో. మాటల్లేకపోవడానికి అలాంటి దారి ఉండదు. ఎందుకు మొదలైందో కూడా ఇద్దరిలో ఒకరికి గుర్తుండదు.

ఆఫీసుల్లో ఇదే పని టీ తాగడానికి పిలవకుండా, మెయిల్లో పేరు వదిలేసి చేస్తారు. 2015లో అచ్చయిన కెనడా పరిశోధకుల అధ్యయనం ఒకటి ఉద్యోగులను అడిగితే, తోటివాణ్ని వేధించడం కంటే పట్టించుకోకుండా వదిలేయడం తక్కువ తప్పని ఎక్కువమంది అన్నారు. అదే అధ్యయనంలో, ఆరోగ్యం చెడటానికీ ఉద్యోగం మానేయడానికీ వేధింపు కంటే వదిలేయడానికే ఎక్కువ సంబంధం కనబడింది. వేధిస్తే ఫిర్యాదు రాయొచ్చు. ‘నాతో ఎవరూ మాట్లాడటం లేదు’ అని ఏ కమిటీకి రాస్తారు? వెలి చేతి గుర్తులు వదలని దెబ్బ. కొట్టినవాడు నేనేం చేశాను అంటాడు. నిజంగానే ఏమీ చేయలేదు.

ప్రాచీన ఏథెన్స్ కనీసం ఈ విషయంలో దాపరికం పాటించలేదు. క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దంలో అక్కడి పౌరులు ఎవరిని నగరం నుంచి పంపేయాలో కుండపెంకు మీద పేరు గీసి ఓటేసేవారు. ఆరు వేల పెంకులు పడితే పదేళ్లు బయట ఉండాలి. ఆస్తి పోదు, పదేళ్ల తర్వాత తిరిగి రావచ్చు. అరిస్టైడిస్ అనే నాయకుణ్ని గుర్తుపట్టని ఓ చదువురాని మనిషి ఆయన చేతికే పెంకు ఇచ్చి అరిస్టైడిస్ అని రాయమన్నాడట. అతను నీకేం అపకారం చేశాడు అని అడిగితే, ఏమీ చేయలేదు, న్యాయవంతుడు న్యాయవంతుడు అని అందరూ అంటుంటే వినలేకపోతున్నాను అన్నాడట. ఆయన మారు మాట్లాడకుండా తన పేరు రాసిచ్చాడని ప్లుటార్క్ చెప్పిన కథ. వెలికి ఇంగ్లిషులో ఉన్న మాట ఆ కుండపెంకు నుంచే పుట్టింది.

మన మాటకు పెంకులు అక్కర్లేదు. వెలి అంటే వెలుపల. పెద్దగా ఓట్లూ అక్కర్లేదు, పదేళ్ల గడువూ లేదు. కొందరికి పుట్టుకతోనే అది రాసిపెట్టి ఉంటుంది, ఊరికి ఆవల వెలివాడ అనే చోటే కట్టి ఉంచారు. ఊరి కట్టుబాటు మీరితే నిప్పూ నీళ్లూ బంద్. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయంలో మొదలైన తగాదాలో దళితులకు పనులు లేకుండా, కౌలు పొలాలు లేకుండా చేశారు. రాష్ట్రమంతా వార్త అయ్యేదాకా అది వారాల తరబడి సాగింది. సైబర్‌బాల్ మూడు నిమిషాల ఆట. ఆ ఊళ్లో బంతి అంటే రోజు కూలి.

2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ల నుంచి తొలగించిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట డేరా వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకరు రోహిత్ వేముల. ఆ నెల 17న ఆయన చనిపోయాడు. ఆ నెల 26న, అంతకు ముందే పార్లమెంటు ఆమోదించిన ఒక సవరణ అమల్లోకి వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో అది సాంఘిక బహిష్కరణను నేరంగా చేర్చింది. ఆ మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో సేవలు ఆపేయడం మాత్రమే లేదు. మామూలుగా మనిషితో మనిషికి ఉండే సంబంధాలు మానేయడం, ఒకరిని మిగతావారి నుంచి వేరుచేసి ఉంచడం కూడా ఉన్నాయి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, పైగా జరిమానా.